పది డిగ్రీలు తక్కువ

మా మరిది చేత మాట్లాడించడం కంటే తుప్పు పట్టిన బోల్టు ఊడదీయడం తేలిక. నేను ఈ ఇంటికి వచ్చిన పదహారేళ్ళలో అతను ఆపకుండా మాట్లాడింది ఒక్కసారే, అదీ భోజనం దగ్గర, బటర్‌ఫ్లై వాల్వు గురించి.

"గొట్టం లోపల పళ్ళెమంత బిళ్ళ ఉంటుంది వదినా. దానికి నడిమధ్యన ఇరుసు. నీళ్ళకి అడ్డంగా నిలబెడితే దారి మూసుకుపోతుంది, నీళ్ళ వెంట తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది. మొత్తం కలిపి పావు తిరుగుడే, తొంభై డిగ్రీలు."

"అయితే సగం తిప్పితే సగం నీళ్ళన్నమాట."

"అందరూ అదే అనుకుంటారు. డెబ్బై దాటాక ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు. ఆటంతా మధ్యలోనే."

"పేరు సీతాకోకచిలుక, కదిలేది మాత్రం ఉన్నచోటే. నీకు తగిన ఉద్యోగం దొరికిందిలే," అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

అతను నీటిశుద్ధి కేంద్రంలో ఫిట్టరు. నేలకింది గదిలో పదకొండు పెద్ద వాల్వులు, ఒక్కొక్కదానికి ఒక చక్రం, డిగ్రీలు చూపే ముల్లు. ఎంత తెరవాలో పై అంతస్తులో ఒకావిడ మీటర్లు చూసి వాకీటాకీలో చెప్పేది. భర్త పోయి ఏడేళ్ళైన మనిషి. "ఫిట్టర్ గారూ, నాలుగో వాల్వు నలభై" అనేది. ఇతను తిప్పి "అయ్యిందండి" అనేవాడు. వాళ్ళ మధ్య మాటలు ఇంతే.

ఒకరోజు కారియర్ మర్చిపోతే నేనే తీసుకెళ్ళాను. ఆవిడ నలభై అంది. ఇతను ముప్పై దగ్గర ఆపి "అయ్యిందండి" అన్నాడు. నిమిషం తర్వాత పైనుంచి, "ఇంకో పది ఇవ్వండి" అని వినపడింది. అప్పుడు నలభై చేశాడు.

"ముప్పై దగ్గరే ఆపేశావేం, కళ్ళు కనపడవా?" అన్నాను.

"ఒకేసారి తెరిస్తే గొట్టం అదురుతుంది వదినా," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ గొంతు రెండోసారి వినడానికి నాలుగేళ్ళుగా చేస్తున్న దొంగపని అది. మంచినీళ్ళ వంకతో నేను మెట్లెక్కి ఆవిణ్ణి చూసొచ్చాను. చక్కగా పలకరించి, మా మరిది గురించి రెండుసార్లు అడిగింది.

ఆ సాయంత్రం నాకు ఒళ్ళు మండింది. "పెళ్ళి చేసుకుంటారా అని పైకెళ్ళి అడగవచ్చుగా, మహానుభావా," అన్నాను.

"కాదంటే ఆ రెండో మాట కూడా పోతుంది వదినా."

మరుసటి ఏడాది వాల్వులకి మోటార్లు బిగించడం మొదలుపెట్టారు. పైన బటన్ నొక్కితే కింద బిళ్ళ దానంతటదే తిరుగుతుంది. వారానికొకటి చొప్పున చక్రాలు పోయాయి. ఆవిడకి దూరపు కేంద్రానికి బదిలీ అయింది. ఆఖరి చక్రం తీసేసే రోజే ఆవిడకీ అక్కడ ఆఖరి రోజు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా చేతికిచ్చి, "ఇవాళ అడక్కపోతే గుమ్మం తొక్కకు," అన్నాను.

సాయంత్రం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"యాభై అన్నారు, నలభై ఇచ్చాను. ఇంకో పది అన్నారు, ఇచ్చాను. తర్వాత, 'ఇంకేమైనా ఉందా ఫిట్టర్ గారూ' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ లేదండి అన్నాను."

లోపలికి రమ్మని అన్నం పెట్టాను.

రెండేళ్ళ తర్వాత ఆవిడ నాకు కళ్ళజోళ్ళ షాపులో కనిపించింది. ఒకాయన అద్దం ముందు ఫ్రేములు పెట్టి చూసుకుంటున్నాడు. ఆయనతో పెళ్ళయి ఆర్నెల్లయిందట. ఫిట్టర్ గారు ఎలా ఉన్నారని ఆవిడే అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన పది తక్కువ తిప్పుతారని నాకు మొదటి వారంలోనే తెలుసండీ. నేను పది ఎక్కువ చెప్తే ఒక్కసారికే సరిపోయేది. ఎప్పుడూ అలా చెప్పలేదు," అంది.

చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. కడుపులో దాచుకునే రకాన్ని కాను, రాత్రి మా మరిదికి అన్నం వడ్డించి చెప్పేశాను. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. నా మీద అరిచినా బాగుండుననిపించింది.

"ఆవిడ అన్నది ఇంకోసారి చెప్పు వదినా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అయినా మొదటినుంచీ చెప్పాను.