మల్లేశ్ గొంతున్న కార్డును ఎవరూ ఖాళీ చేయొద్దు

నిన్న పొద్దున చింతపండు గింజలు తీస్తుంటే ఫోన్ మోగింది.

దవాఖాన నుంచి నా కొడుకు. "అమ్మా, చిన్నాయన ఇగ లేడే" అన్నాడు.

అబద్ధాలాడకు అని తిట్టి పెట్టేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ తిట్టాను.

మూడోసారి వాడు ఏడుస్తుంటే నమ్మాను.

మల్లేశ్ నా మరిది. శంషాబాద్‌లో పెళ్లి వీడియోలు తీసే మల్లేశ్ అంటే మీ అందరికీ తెలుసు. యాభై కూడా నిండలేదు.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మనవరాలు స్వప్న టైప్ చేసి తన పేజీలో పెడుతున్నది. ఒక్క మాట కూడా మెత్తగా చేయొద్దని చెప్పాను.

నిన్నటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను, వాకిట్లోకి పోతున్నాను, మళ్లీ లోపలికి వస్తున్నాను.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. ఆ కొత్త కెమెరా పట్టుకుని ఎండలో తిరిగి తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడట.

రెండు నెలలుగా ఛాతీ నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని గోలీలు మింగాడు. అది చెప్పండి. కెమెరాను తిట్టకండి.

ఇరవై ఏళ్లు భుజం మీద పెద్ద కెమెరా మోశాడు. ఈ ఎండాకాలం అరచేతిలో పట్టే హెచ్‌డీ కెమెరా కొన్నాడు. పెళ్లిళ్లు చాలు, ఇగ ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడించి, నెట్‌లో వీడియో బ్లాగ్ పెడతానన్నాడు.

ముందు అది బయట ఎట్లా పనిచేస్తుందో టెస్ట్ చేయాలి. ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి కావాలి.

"ఆపకుంట మాట్లాడేటోళ్లు మన ఖాన్‌దాన్‌ల నువ్వొక్కదానివే, వదినె" అన్నాడు.

కొత్వాల్‌గూడ దిక్కు హిమాయత్ సాగర్ కట్ట మీద నిలబెట్టాడు. అరగంట మాట్లాడాను. నా పెళ్లి, నా అత్త, మా జొన్న చేను, అన్నీ చెప్పాను.

ఇంటికొచ్చి టీవీలో పెడితే బొమ్మ అద్దంలా ఉన్నది. నా ముక్కుపుడక రాయి కూడా మెరుస్తున్నది. మాట మాత్రం ఒక్కటి లేదు. బుర్రుమని గాలి.

పెళ్లి వీడియోల్లో మనుషుల మాటలు తీసేసి పాటలు వేస్తారు కదా. ఇరవై ఏళ్లు బొమ్మను చూసుకున్నాడే తప్ప, సౌండ్ వినాలన్న ఆలోచనే వాడికి రాలేదు.

మర్నాడు వచ్చి, నా పెనిమిటి గొంగడిలో ముక్క కావాలన్నాడు. ఆయన గుర్తుగా దాచుకున్న గొంగడి. ఇవ్వనన్నాను. మూడు రోజులు నా వెనక తిరిగాడు.

"అన్న ఉంటే ఆయనే కోసి ఇచ్చేటోడు, వదినె."

అంచున రెండు వేళ్లంత ముక్క కోసిచ్చాను. మైకు మీద కప్పి రబ్బరు బ్యాండ్ వేశాడు. గాలి మోత ఆగింది.

తర్వాత విమానాశ్రయం గోడ పక్క బాటలో నడిపించాడు. నడుస్తుంటే బొమ్మ ఊగుతుందో లేదో చూడాలట. నేను ముందుకు, వాడు నన్ను చూస్తూ వెనక్కి. కాలువ ఉన్నదని చెప్పేలోపే పడ్డాడు. మనిషి బురదలో వెల్లకిలా, కెమెరా పట్టుకున్న చెయ్యి మాత్రం పైకి.

"ముందు కెమెరా పట్టుకో, వదినె."

"నిన్ను లేపాల్నా, నీ డబ్బాను లేపాల్నా?"

"రికార్డింగ్ నడుస్తున్నది. జర తిట్లు తక్కువ చెయ్యి."

నేను తగ్గించలేదు.

పోయిన ఆదివారం మళ్లీ పిలిచాడు. ఎర్రటి ఎండలో స్క్రీన్ కనబడుతుందో లేదో చూద్దామన్నాడు. మోకాళ్లు నొప్పి, నేను రానని కసిరాను. అది నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఇగ అసలు సంగతి వినండి.

రేపు మూడో రోజు. పిట్టకు పెట్టేది, అదే కాకికి ముద్ద పెట్టేది, వీడియో తీయాలని మల్లేశ్ బామ్మర్ది నర్సింహ ఈ పొద్దున ఆ కెమెరానే పట్టుకొచ్చాడు. వీడియో దుకాణంలో ఇద్దరూ కలిసే పనిచేసేవాళ్లు. అందులోని మెమరీ కార్డు నిండిపోయింది, ఖాళీ చేస్తానన్నాడు. కొత్త ఫంక్షన్‌కు ముందు కార్డు తుడిచేయడం వాళ్ల పనిలో అలవాటు.

"ఏమున్నది దాంట్ల?" అని అడిగాను.

"ఏమున్నది అక్కా, టెస్టింగ్ వీడియోలు. నువ్వు, చెట్లు, విమానాలు."

పెట్టమన్నాను. పెట్టాడు.

బొమ్మలో నేను. మాట మల్లేశ్‌ది.

"వదినె, జర ఎడమకు జరుగు. ఆగు, విమానం పోనీ. ఆఁ, ఇగ చెప్పు."

నిన్నటి నుంచి మూలకు ఒరిగి ఉన్న మల్లేశ్ భార్య సుజాత లేచి వచ్చి కెమెరా పక్కన కూర్చున్నది. "ఇంకొకసారి పెట్టు, తమ్మీ" అన్నది.

"బావ ముఖమే లేదు కదక్కా ఇందుల" అన్నాడు నర్సింహ నాతో.

"ముఖం ఫోటోల ఉన్నది. మాట ఏడున్నదో చూపియ్యి."



ఊరందరి పెళ్లిళ్లు తీసిన మనిషి. ఎప్పుడూ కెమెరా వెనకే. తన గొంతు వినబడిన చోటల్లా తనే పాట వేసి మూసేశాడు.

కంప్యూటర్‌లోకి ఎక్కించాకే తుడుస్తానంటున్నాడు నర్సింహ. ఎక్కించానని చెప్పి పోయిన ఏడాది సాతంరాయి ఊరివాళ్ల పెళ్లి మొత్తం పోగొట్టింది ఎవరు?

నర్సింహా, నీ మీద కోపం లేదు. నమ్మకం లేదు.

కార్డు నేను తీసుకున్నాను. రేపటికి వేరేది తెచ్చుకోండి. దొరక్కపోతే వీడియో లేకుండానే పెడదాం. కాకి వీడియో అడగదు.

సరిగ్గా కాపీ చేయడం తెలిసినవాళ్లు మీలో ఉంటే మా ఇంటికి రండి. నా కళ్ల ముందు చేయండి. చేసి, రెండుసార్లు వినిపించండి.

ఇంకొకటి. వాడు తీసిన పెళ్లి క్యాసెట్లు మీ ఇళ్లల్లో ఉన్నాయి. ఎక్కడైనా పాట వేయడం మరిచి, వాడి గొంతు ఒక్క ముక్క వినబడినా నాకు కబురు చేయండి. సుజాతకు కావాలి. నాకూ కావాలి.

మల్లేశా, నువ్వు నిమ్మళంగా ఉండు. ఇక్కడ కొట్లాడటానికి నేనున్నాను.