సీటు కవరు కింద దాచిన బకుల్

2023 వానాకాలం. అప్పటికి అమలాపురంలో, ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు మీద, నేను కారు సామాన్ల షాపు పెట్టి పదిహేడేళ్ళయింది. కింద పరిచే మ్యాట్లు, స్టీరింగ్ కవర్లు, అద్దానికి వేలాడే బొమ్మలు అన్నీ అమ్ముతాను గాని, నాకు పేరు తెచ్చినవి సీటు కవర్లు. ఎక్కడా ముడత లేకుండా బిగువుగా కుట్టడం నాకు బాగా చేతనవును. గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చి కారు కొన్నవాళ్ళు షోరూమ్ నుంచి ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా నా దగ్గరికే వచ్చేవారు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

ఒక మధ్యాహ్నం వాన వెలిశాక తెల్ల కారొకటి వచ్చి ఆగింది. నడుపుతున్నది ముప్పై ఏళ్ళ అమ్మాయి. పేరు మాధవి, అంబాజీపేట, బడిలో లెక్కల టీచరు. ముందు సీట్లో ఆమె అత్తగారు సత్యవతమ్మగారు, ఒళ్ళో తెల్ల తువ్వాలులో చుట్టిన పసిపాప.

"అన్నయ్యగారండీ, చంటిపిల్లని కారులో కూర్చోబెట్టే సీటు మీ దగ్గర ఉంటుందాండీ?" అని అడిగింది మాధవి.

సంగతేమిటంటే, పాప నెలలు నిండకుండా పుట్టింది. అలాంటి పిల్లలకు కంటి లోపలి రెటీనా సరిగ్గా ఎదుగుతోందో లేదో తరచుగా చూస్తూ ఉండాలట. రెండు వారాలకోసారి రాజమండ్రి తీసుకెళ్ళాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు. భర్త కువైట్‌లో ఉన్నాడు. మొదట అద్దె కారులో వెళ్ళారు. డ్రైవరు కొట్టిన బ్రేకులకు భయపడి తర్వాత మాధవే నడపడం మొదలెట్టింది. కిందటిసారి ఆసుపత్రిలో నర్సు, పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడను చూసి గట్టిగానే మందలించిందట.

సత్యవతమ్మగారికి ఆ మందలింపు ఇంకా మింగుడు పడలేదు. "ముగ్గుర్ని పెంచేనండి ఈ ఒళ్ళో. నా చేతులకంటే గట్టిదాండీ ఈ ప్లాస్టిక్ బుట్ట?" అంది.

నా దగ్గర రెండు సీట్లున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఎప్పుడో ఎవరో అడిగితే తెప్పించినవి, దుమ్ము కొట్టుకుని అటక మీద పడున్నాయి. కిందికి దించగానే పెద్దావిడ పెద్దదాని మీద చెయ్యి వేసింది. "ఎలాగూ కొంటన్నాం కదాండీ, బళ్ళోకెళ్ళేదాకా పనికొచ్చేది తీసుకుందాం. ఎదిగే పిల్ల."

మన ఇళ్ళలో గౌను కొన్నా చెప్పులు కొన్నా ఇదే లెక్క. నేనూ తలూపాను. ఖరీదైన సరుకు కదులుతుంటే షాపువాడు కాదంటాడా? పాపను అందులో కూర్చోబెట్టాం. భుజాల మీదుగా వచ్చే పట్టీలు, హార్నెస్ అంటాం, చెవుల పక్కగా గాల్లో వేలాడాయి. తల బరువుకి గడ్డం వాలి గుండెకు ఆనింది. మాధవి ఒక్క ఉదుటున పాపను ఎత్తేసుకుంది.

"ఇది ఏ వయసు పిల్లలకండీ?" అని అడిగింది.

నాకు తెలియదు. అన్నేళ్ళుగా అమ్మకానికి పెట్టిన వస్తువు ఏ వయసు వాళ్ళదో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. ఆమె విసుక్కోలేదు. పెట్టెలోంచి చిన్న పుస్తకం తీసి, కౌంటరు దగ్గర స్టూలు మీద కూర్చుని, పాఠం చెప్పినట్టు ఒక్కో ముక్కా చదివి తెలుగులో చెప్పింది. ఇంత చిన్న పాపకు చిన్న సీటే కావాలి. అది కూడా రియర్ ఫేసింగ్, అంటే పాప ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి. బ్రేకు పడితే ఆ విసురంతా వీపు మొత్తం మీద పడుతుంది గాని లేత మెడ మీద పడదు. ముందు సీట్లో మాత్రం పెట్టకూడదు. అక్కడ ఎయిర్‌బ్యాగ్, అంటే గుద్దుకున్నప్పుడు ఉబ్బే గాలి సంచి, తెరుచుకుంటే పాపకు ప్రాణం మీదికొస్తుంది.

సత్యవతమ్మగారు అంతా విని, "బయల్దేరేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగితేనే అపశకునం అంటారు కదాండీ. పసిబిడ్డని రాజమండ్రి దాకా వెనక్కే చూడమంటారా?" అంది.

"పాప వెనక్కి చూస్తే చూసింది, కారు ముందుకే పోతుంది కదా అత్తయ్యగారూ," అంది మాధవి. పెద్దావిడ ముఖం తిప్పుకుంది గాని, పెదాల మీద నవ్వు కనిపించింది.

చిన్న సీటు పట్టుకెళ్ళి కారు వెనక తలుపు తీశాను. దాన్ని కారు బెల్టుతోనే బిగించాలి. బెల్టు లాగాను, వచ్చింది. దాని కొస తగిలించే గూడు, బకుల్ అంటాం, అది మాత్రం కనిపించలేదు. సీటు సందులో చెయ్యి పెట్టి వెతికాను. బిస్కెట్ రంగు రెగ్జిన్, అంచున జంట కుట్టు, మూల మడతలో లోపలికి తిప్పిన ముడి. ఆ ముడి జిల్లా మొత్తం మీద నేనొక్కడినే వేస్తాను.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆమె భర్త సెలవుల్లో తెచ్చినప్పుడు ఈ కారుకి కవర్లు వేసింది నేనే. వెనక సీట్లో బకుళ్ళు పైకి పొడుచుకుని ఉంటే కూర్చున్నవాళ్ళకు గుచ్చుకుంటాయని అందరూ అనేవారు. అందుకని వాటిని సీటు కిందికి తోసేసి, పైన కవరు నున్నగా లాగి కుట్టేసేవాణ్ణి. ఎవరూ వద్దనలేదు. పైగా పనితనం బాగుందని మెచ్చుకునేవారు. వెనక సీట్లో బెల్టు పెట్టుకునేవాళ్ళు మా వైపు ఎవరున్నారు కనక?

"ఎవరండీ ఇలా మూసేసింది?" అంది మాధవి. మామూలుగా అడిగిందంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. షోరూమ్ వాళ్ళ మీదికి తోసేయొచ్చు, ఆమె నమ్మేది కూడా. కాని పాప అప్పుడే కళ్ళు తెరిచి నా వైపు చూస్తోంది. చూపు నిలుస్తుందో లేదోనని తల్లి గుండె రాయి చేసుకుని ఆసుపత్రికి తిప్పుతున్న కళ్ళవి. వాటి ముందు అబద్ధం ఆడటానికి నాకు నోరు రాలేదు.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె వంగి ఆ సందులోకి ఒకసారి చూసింది. తర్వాత, "చెప్పేరు కాబట్టి తెలిసిందండి. తీసేద్దురూ," అంది. ఆ ఒక్క మాటకు ఆమెకి నేను జీవితమంతా రుణపడి ఉంటాను. నాలుగు తిట్టి ఉంటే ఆ బకుల్ తీసిచ్చి, ఆ సాయంత్రానికే అంతా మరిచిపోయేవాణ్ణేమో.

సీటు దిమ్మ ఎత్తి, బకుల్ బయటికి లాగి, ఆ వైపు కవరు కోసేశాను. నా కుట్టు నేనే కోసుకోవడం అదే మొదటిసారి. చిన్న సీటు పెట్టి, బెల్టు బిగించి, పట్టుకుని ఊపి చూశాం. అంగుళానికి మించి కదలకూడదని పుస్తకంలో ఉంది. మొదటిసారి బాగా కదిలింది. మోకాలుతో అదిమి మళ్ళీ బిగించాను. పాపను పడుకోబెట్టి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుంటే మడత దొరకనంత బిగువు పెట్టాం. పెద్దావిడ కప్పబోయిన తువ్వాలును, పట్టీలు వదులవకుండా, వాటి కింద కాకుండా పైన కప్పించింది మాధవి. పాప ఆవులించి నిద్రపోయింది.

"రెండో వైపుది కూడా తీస్తానండి, పెద్దమ్మగారు కూర్చుంటారు కదా," అన్నాను.

"నాకెందుకు బాబూ ఈ కట్లు? గుచ్చుకుంటాది. ఉండనీండి," అంది సత్యవతమ్మగారు. నేను బలవంతపెట్టలేదు.

నెలన్నర తర్వాత ఒక ఉదయం అదే కారు వచ్చింది. సత్యవతమ్మగారు కాస్త కుంటుతూ దిగి, చేతిలో ఉన్న స్టీలు క్యారేజీని నా కౌంటరు మీద పెట్టింది. పై గిన్నె ఒక పక్కకి సొట్టపోయి ఉంది.

"చూడండి బాబుగారు," అంది. "మొన్న రాజమండ్రి నుంచి వస్తన్నాం. కొత్తపేట దాటేక, ముందు కొబ్బరికాయల లారీ ఉన్నట్టుండి ఆగిపోయిందండి. కోడలు బ్రేకు కొట్టింది. లారీకి తగల్లేదు. నేను వెనకాల పాప పక్కనే ఉన్నాను. ఈ క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్నానండి, రెండు చేతుల్తోనీ పట్టుకున్నాను. సాంబారు ఒలికిపోద్దని గట్టిగానే పట్టుకున్నాను."

మాధవి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడు పోయిందో తెలీలేదండి. వెళ్ళి ముందు అద్దం కింద పడింది. నా మోకాలు ముందు సీటుకి కొట్టుకుంది. పాప లేవను కూడా లేవలేదు. పడిన క్యారేజీ కేసి చూసేనండి. అంతకుముందు నా చేతుల్లో ఉండేది పిల్లే కదాండీ."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకూ తిరిగాయి. పాప కళ్ళు బాగున్నాయనీ, ఇక అన్నిసార్లు రానక్కర్లేదని డాక్టరు చెప్పాడనీ మాధవి చెప్పింది. క్యారేజీ మిగతా గిన్నెల్లో నాకోసం వేడి వేడి పొట్టిక్కలు, అంటే ఆకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, అల్లం పచ్చడి తెచ్చారు. పనసాకుల వాసన షాపంతా నిండిపోయింది. పదిహేడేళ్ళలో అంతకన్నా పెద్ద సన్మానం నాకు జరగలేదు.

ఆ వారం నుంచి పాత కస్టమర్లకు ఒక్కొక్కరికే ఫోన్లు చేశాను. వస్తే బకుళ్ళు ఊరికే బయటికి తీసిపెడతానని చెప్పాను. కొందరు వచ్చారు. కొందరు, "ఇన్నాళ్ళు లేని బెల్టు ఇప్పుడెందుకండీ," అని నవ్వారు. వాళ్ళను మళ్ళీ అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు కవరు కుట్టేముందు బకుళ్ళకు చోటు వదిలి కొలత తీస్తాను. ఆ సందు దగ్గర ఎంత చేసినా చిన్న ముడత వస్తుంది. రానీ.

సీటు ఎంత నున్నగా ఉందో చూశానే గాని, దాని మీద ఎవరు కూర్చుంటారో అన్నేళ్ళూ నేను అడగలేదు. అది నాకు నేర్పింది లెక్కల టీచరు ఒకావిడ, ఆమె అత్తగారు, మాటలు రాని ఒక పాప.

ఆ ఉదయం పొట్టిక్కలు తిని చెయ్యి కడుక్కోగానే సత్యవతమ్మగారు వెనక తలుపు తీసి నిలబడింది. "రెండోది కూడా తీసేయండి బాబుగారు," అంది. కోసి, బయటికి లాగి ఇచ్చాను. ఆమె కూర్చుని, బెల్టు తనే పెట్టుకుంది. టక్‌మని పడింది. నడుము దగ్గర ఇబ్బందిగా కదిలింది.

"గుచ్చుకుంటోందాండీ?" అన్నాను.

"ఆయ్, గుచ్చుకుంటోందండి," అంది, పక్కన వెనక్కి చూస్తూ పడుకున్న మనవరాలి పాదం నిమురుతూ. "గుచ్చుకోనీండి. ఉందని తెలుస్తాది."