బాబుకి ఎదురెళ్ళిన పొద్దు

నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. నా గొంతు బొంగురు కాబట్టి మధ్యమధ్యలో ఆగి, ఏమన్నావని మళ్ళీ అడుగుతోంది. పొగ తిన్న గొంతు, ఇంతకంటే బాగుపడదు.

మా ఆయన పోయాక శ్రీకాకుళం దగ్గరే ఒక పెద్ద రైతు ఇంట్లో వంటకి కుదిరాను. ఆ ఇంటి పెద్దాయనని ఊరంతా బాబు అనేవారు. బాబు చాలా ఎన్నికల్లో నిలబడ్డారు. గెలిచారు, ఓడారు, ఒకసారి పార్టీ కూడా మారారు. ఎన్ని మారినా ఆయనకి శకునం పట్టింపు మాత్రం మారలేదు. ప్రచారానికి బయలుదేరితే కోడలమ్మ నీళ్ళ బిందెతో ఎదురు రావాలి. మొగుడు పోయినదాన్ని నేను ఎదురుపడకూడదు. ఆ మాట ఎవరూ నాతో అనలేదు, అననక్కర్లేదు. జీపు చప్పుడు వినగానే వంటింటి తలుపు నేనే దగ్గరగా వేసుకునేదాన్ని. ఎప్పుడైనా పొరపాటున కంటపడితే బాబు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపు ఆగి వెళ్ళేవారు. తిట్టేవారు కాదు. నాకే సిగ్గు వేసేది.

మొన్నటి ఎన్నికలకి బాబు బాగా పెద్దవారైపోయారు. మోకాళ్ళు నిలవడం లేదు. ఒక ఊళ్ళో మైకు పట్టుకుని, ఎప్పుడో వదిలేసిన పాత పార్టీ గుర్తు చెప్పి, దానికే ఓటు గుద్దమన్నారు. జనం నవ్వారు. ఆ నవ్వుతో సహా సెల్‌ఫోన్లలో తీసి అందరికీ పంపారు. పై నుంచి ఎవరో ఫోన్ చేశారని, ముసలాయనతో గెలవలేమన్నారని డ్రైవరు నాతో చెప్పాడు.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. బాబు నామినేషన్ వేసినప్పుడల్లా కొడుకు చేత కూడా ఒకటి వేయిస్తారు. తండ్రిది ఏ కారణం చేతనైనా చెల్లకపోతే అడ్డుకి ఉంటుందని. డమ్మీ అంటారు. పార్టీ ఇచ్చే ఆఖరి కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్ళే అసలు మనిషి. ప్రతిసారీ ఆ కాగితం ఎన్నికల ఆఫీసులో బాబే వెళ్ళి ఇచ్చేవారు. ఈసారి ఎండ మండిపోతోంది.

"నువ్వు కూకో నాన్నా, నాను ఇచ్చేసి వస్తాను" అన్నాడు చినబాబు.

బాబు కూర్చున్నారు. కన్నకొడుకు మాటకి ఎవరు కూర్చోరు?

ఆ సాయంత్రం చినబాబు నలుగురు మనుషుల్ని వెంటేసుకుని పెరటి వైపు నుంచి వచ్చాడు. నేను టీ పెడుతున్నాను. కాగితం అతని పేరునే వచ్చింది. వచ్చినవాళ్ళు సంతోషాన్ని దాచుకోలేక ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు, చప్పుడు కాకుండా.

"మావకి ఎవులు సెప్తారు?" అంది కోడలమ్మ.

"నానే సెప్తాను. రేపు."

"రేపు పొద్దున్నే మీకు పెచారం ఉన్నాది కదేటి?"

"అయితే వచ్చినాక సెప్తాను. ఈలోగా తెలీకుండా సూడు. గుండెకి స్టెంటు ఏసిన మనిషి."

కోడలమ్మ నా వైపు తిరిగింది. "ఒలే, నీ నోరు జాగర్త. ఆయనకేటయినా నీదే పూచీ."

పూచీ నాకెందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. తల ఊపాను.

తెల్లారేసరికి చినబాబు జీపులో వెళ్ళిపోయాడు. టీవీ వైరు పీకేశారు. పేపరు బియ్యం డబ్బా వెనక ఉంది. బాబు ఫోను చార్జింగు పేరుతో కోడలమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. బాబు మాత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కండువా సర్దుకుని అరుగు మీదికి వచ్చారు. నేనిచ్చిన చోడి అంబలి సగం తాగి గ్లాసు పెట్టేశారు.

"జీపేదే?"

"చినబాబు తీసుకెళ్ళినారు బాబూ."

"నన్నొగ్గేసి ఎల్లిపోనాడేటి? సరే, ఆటో ఉన్నాది కదా. పైఊరోళ్ళకి వస్తానని మాటిచ్చినాను. ఆడకూతుర్లు హారతులు పట్టుకుని సూస్తుంటారు."

పైఊళ్ళో హారతులు పట్టుకుని నిలబడింది నిజమే, కొడుకు కోసం. ఈయన ఆటో దిగి దండం పెడతారు. వాళ్ళు మళ్ళీ నవ్వుతారు, మళ్ళీ ఫోన్లు తీస్తారు. కోడలమ్మ గది తలుపు దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, బాబు ఆటో ఎక్కీసేలాగున్నారు. సెప్పీయండమ్మా."

లోపలి నుంచి "నాకు తలనొప్పి. నువ్వే ఏదోలా ఆపు" అంది. తలుపు తీయలేదు.

ఏదోలా అంటే ఎలా? చెప్పకుండా ఆపాలి. నా దగ్గర ఏముంది, ఈ బోడి నుదురు తప్ప? బాబు మెట్లు దిగుతున్నారు. నేను పెరట్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళి, వీధి గేటు లోంచి ఆయనకి ఎదురుగా నడిచి వచ్చాను. చేతిలో ఖాళీ బిందె కూడా పట్టుకున్నాను.

బాబు ఆగిపోయారు. వెనక్కి వెళ్ళి కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను. ఈలోగా చినబాబు వచ్చేస్తే బాగుండునని వీధి వైపు చూశాను. రాలేదు. బాబు లేచారు. నేను మళ్ళీ చుట్టూ తిరిగి ఎదురు వచ్చాను.

ఈసారి ఆయన చేతికర్ర ఎత్తారు.

"ఏటే, కావాలని వస్తన్నావు! మొగుణ్ణి మింగినావు, సాల్లేదా? నన్నూ మింగుతావేటి?"

అన్ని సంవత్సరాలలో ఆ మాట బాబు నోట ఎన్నడూ వినలేదు. బిందె నడుముకి పెట్టుకుని గేటుకి అడ్డంగా అలాగే నిలబడ్డాను. "ఎల్లకండి బాబూ" అన్నాను.

అప్పుడే వీధి మలుపులో మైకు ఆటో వచ్చింది. చినబాబు పేరు చెప్పి, మన అభ్యర్థి అని, మన గుర్తు అని, అత్యధిక మెజారిటీ అని అరుస్తోంది. ఆటో వెనకాల అట్ట మీద చినబాబు దండం పెడుతున్న బొమ్మ. మూలన చిన్నగా బాబు బొమ్మ, ఆశీర్వదిస్తున్నట్టు.

"ఆడు తాగీసి వాగతన్నాడేటి?" అన్నారు బాబు.

నేను తల దించుకున్నాను. ఆటో మా గేటు ముందుకి వచ్చేసరికి అందులోని మనిషి బాబుని చూసి మైకు ఆపేశాడు. దాటాక మళ్ళీ పెట్టాడు. ఆ ఆపడంతోనే బాబుకి అర్థమయింది. కర్ర దించారు. ఆయన కళ్ళు ఇల్లంతా వెతికి, మూసి ఉన్న కోడలమ్మ గది తలుపు మీద కాసేపు ఆగి, నా దగ్గరికి వచ్చాయి.

"నువ్వెదురొచ్చినావు" అన్నారు. "అందుకే టికెట్టు పోనాది."

అది నిన్న సాయంత్రమే పోయింది బాబూ, మీ పెరట్లోనే నవ్వుకున్నారు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కోడలమ్మ అప్పటికి తలుపు తీసుకుని వచ్చి, "అవును మావా, దీని కాలే మంచిది కాదు" అంది. ఎంత తేలికపడిపోయిందో ఆ మొహం! సాయంత్రం చినబాబు వచ్చి తండ్రి కాళ్ళకి దండం పెట్టి, పై నుంచి ఆఖరి నిమిషంలో మార్చేశారు నాన్నా, నాకేం తెలీదు అన్నాడు. బాబు అతని తల మీద చెయ్యి వేశారు. "నీ తప్పేటున్నాదిరా" అన్నారు.

నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీయలేదు. వంటింట్లోంచి ముందు గదిలోకి రావద్దని మాత్రం చెప్పారు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ బాబు అదే కథ చెప్పేవారు. టికెట్టు తనకే వచ్చిందని, బయలుదేరుతుంటే నేను ఖాళీ బిందెతో ఎదురొచ్చానని. వాళ్ళు వంటింటి వైపు చూసి నాలుక చప్పరించేవారు. నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది. ఒకరోజు పప్పుగరిటె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను, ఉన్నదంతా కక్కేద్దామని.

ముందు గదిలో తండ్రీ కొడుకూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. చినబాబు చేపలో ముళ్ళు తీసి తండ్రి కంచంలో వేస్తున్నాడు. బాబు ఆ ముక్క తింటున్నారు.

చెప్పి ఏం చేయను? వెనక్కి వచ్చేశాను.