ఫ్లాష్ మామ ముఖం ఎక్కించి, దించిన వైనం

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో దయ్యాలకు భయపడేవాళ్ళు తగ్గిపోయి, కంప్యూటర్‌కు భయపడేవాళ్ళు పెరుగుతుండేవారు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. వాళ్ళు ఫోన్లో ఆటను ఎక్కించుకోవడమూ, విసుగు పుడితే పీకేయడమూ బస్సు టికెట్టు చింపి పారేసినంత తేలిగ్గా చేసేస్తారు. మాకు అట్లా ఉండేది కాదు. కంప్యూటర్లో ఏదైనా ఎక్కించడమంటే ఇంట్లో పెళ్ళి చేసినంత పని, తీయడమంటే గుండె ఆపరేషన్. మీట నొక్కే ముందు ఇష్టదైవాన్ని, నొక్కిన తర్వాత ఇలవేల్పును, తెర నల్లబడితే ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరినీ (పక్క మండలాల వాళ్ళతో సహా) తలుచుకునేవాళ్ళం. అంత భయంలోనూ ఆ పెట్టెను ముట్టకుండా ఉండగలిగామా అంటే, లేదు.

నేనప్పుడు మా బజారులో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పని నేర్చుకుంటున్నాను. మా యజమానిని ఊరంతా ఫ్లాష్ మామ అనేది. కెమెరా మీది ఫ్లాష్ వల్ల వచ్చిన పేరు కాదది. ఆయన కోపం కూడా అట్లాగే ముందు చెప్పకుండా వెలిగేది, వెలిగాక ఎదుటివాడికి కాసేపు ఏమీ కనిపించేది కాదు. ఆయన మీసాలు ఎంత పెద్దవంటే, ఆయన తల తిప్పిన తర్వాత అవి కొంచెం ఆలస్యంగా తిరిగేవి. స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌కు అద్దాల గది, చల్లటి మిషను, శుక్రవారం సాంబ్రాణి. చెప్పులు బయటే విడవాలి. మా ఇంట్లో మాత్రం కాళ్ళు దించి కూర్చుని బట్ట నేసే మగ్గం గుంత ఒకటి నా కోసం నోరు తెరుచుకుని ఉండేది. "ఆడ పని కుదరకుంటే ఈడ గుంతలోకి దిగు నాయనా, నీ కాళ్ళకు తగ్గట్టే ఉండాది," అని మా నాయన రోజూ అన్నం కలుపుతూ గుర్తు చేసేవాడు. వచ్చే పెళ్ళి వీడియోను నా ఒక్కడి చేతికే ఇస్తానని మామ మాట ఇచ్చి ఉన్నాడు. నా బతుకంతా ఆ మాట మీద నిలబడి ఉందన్నమాట.

ఆ కంప్యూటర్లో ఒక ఆట ఉండేది. ఒక మనిషి విదేశీ నగరంలో కార్లు ఎత్తుకుపోతూ, అడ్డమొచ్చిన వాళ్ళను తంతూ తిరుగుతుంటాడు. మామ మధ్యాహ్నం భోజనమయ్యాక "మిషను టెస్టు చేస్తా" అని తలుపు వేసుకుని, ఎండ దిగేదాకా ఆ టెస్టు చేసేవాడు. చేసి చేసి ఆఖరి పోరాటం దాకా వచ్చాడు. అంతవరకు ఆడిన ఆట మొత్తం కంప్యూటర్లో భద్రంగా దాచి ఉండేది. ఆ దాచిన ఆటను ఆయన చూసుకున్నంత అపురూపంగా మా అత్త నగలను కూడా చూసుకుని ఉండడు.

ఒకరోజు మామ నన్ను పిలిచి, "లే, పెండ్లికొడుకుల మొగాలు కోసి ఊటీలో అతికిస్తావు గదా, ఈ ఆటలో తిరిగేటోడికి నా మొగం పెట్టలేవా?" అన్నాడు. ఆదోనిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే భాయ్‌ని అడిగాను. అట్లాంటి మార్పులను మాడ్ అంటారనీ, ఆటకు కొత్త చొక్కా తొడగడం వంటిదనీ చెప్పి, దానికి కావలసిన సరంజామా సీడీలో వేసి ఇచ్చాడు. అందులో ఇంగ్లీషులో ఒక సూచన ఉంది. ముందు అసలు ఫైలును వేరేచోట దాచుకో, తర్వాతే మార్చు అని. నేను చదివాను. చదివి, జాలిగా నవ్వాను. ఎందుకంటే మా వృత్తిలో అసలును దాచే ఆచారమే లేదు. క్యాసెట్టు ఖరీదైన వస్తువు. ఒక పెళ్ళి వీడియో పార్టీకి, అంటే పెళ్ళివాళ్ళకు, ఇచ్చేశాక, అదే క్యాసెట్టు మీద ఇంకో పెళ్ళి తీస్తాం. నందవరం పెళ్ళి మీద కోసిగి పెళ్ళి, కోసిగి పెళ్ళి మీద ఒక ఓణీల ఫంక్షను. అట్లా పెరిగిన చెయ్యి కదా, అసలు ఫైలు మీదనే కొత్తదాన్ని రుద్దేశాను.

అంతకంటే గొప్ప పని ఇంకొకటి చేశాను. మా స్టూడియోలో మొదటి శాసనం, పెళ్ళికొడుకు వీపు ఎప్పుడూ చూపించకూడదని. వీపు కనిపించిందంటే పార్టీ వాళ్ళు వీడియో వెనక్కి తెచ్చి మొహాన కొడతారు. ఈ ఆటలో చూస్తే మనిషి మొదటి నుంచి చివరిదాకా మనకు వీపు పెట్టే నడుస్తాడు. ముందువైపు ముఖం పెడితే ఎవడు చూస్తాడు? అందుకని, వృత్తిధర్మం తప్పకుండా, మామ పాస్‌పోర్ట్ ఫోటోను మీసాలతో సహా ఆ మనిషి తల వెనకవైపు అతికించాను.

మామ మొదటిరోజు మురిసిపోయాడు. రెండోరోజు కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు తెరిచి బయటికొచ్చాడు. ఆ మీసాలు కిందికి వాలడం నేను చూసింది అదే మొదలు.

"వాడు నన్నే సూస్తాండాడు రా," అన్నాడు మెల్లగా.

"మీరే గదా మామా వాడు."

"నేనే. అదే నాకు బయంగా ఉండేది. కారు నడిపేటప్పుడు సూస్తాడు, తన్నేటప్పుడు సూస్తాడు. రెప్ప కొట్టడు. నిన్న అన్నం తింటా ఉంటే గూడా యెనకాల ఉన్నట్టే ఉన్నింది. రేపు గురువారం, మీ అత్తను పిల్సుకొని మంత్రాలయం పోతాండా. నేను వచ్చేసరికి వాడు ఉండకూడదు. నా ఆట మాత్రం ఉన్నదున్నట్టు ఉండాల. అది పోయిందనుకో..."

మిగతాది మీసాలు చెప్పాయి.

గురువారం పొద్దున ఆయన బస్సెక్కగానే నేను పని మొదలుపెట్టాను. ముఖం బొమ్మను పట్టుకుని తీసేశాను. ఆట తెరిచాను. సంగీతం వచ్చింది, బొమ్మ వచ్చింది, తర్వాత తెర అమావాస్యగా మారి, మధ్యలో చిన్న తెల్లటి పెట్టెలో ఇంగ్లీషులో ఏదో శాపం రాసి ఆగిపోయింది. ఆర్పి వెలిగించాను. అదే శాపం. కంప్యూటర్ పక్కన కొంచెం తట్టాను, తర్వాత కొంచెం గట్టిగా తట్టాను. ఆటను మొదటి నుంచి మళ్ళీ ఎక్కిద్దామని అసలు సీడీ తీస్తే, దాన్ని మామ కొన్నాళ్ళుగా టీ గ్లాసు కింద పళ్ళెంగా వాడుతున్నాడు. చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఊది, పెట్టాను. కంప్యూటర్ దాన్ని నమిలి, పిండి గిర్నీలాగా అరిచి, బయటికి కక్కింది. ఆట మొత్తం పీకేద్దామని చూస్తే, 'అంతా తీసేయమంటావా' అని అడిగింది. అంతా అంటే ఎంత? మామ దాచుకున్న ఆట కూడానా? నా ఉద్యోగం కూడానా? ఆ చల్లటి గదిలో నాకు పట్టిన చెమట తుంగభద్రలో కలిసి ఉంటే ఆ ఏడాది రైతులు రెండో పంట వేసి ఉండేవాళ్ళు. గోడవతల ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టే వినిపించింది.

ఎదురుగా ఉన్న టెలిఫోన్ బూత్‌కు పరుగెత్తి, ఆదోనికి భాయ్‌కు ఫోన్ చేశాను.

"పాత ఫైలు ఎత్తిపెట్టినావు గదా, దాన్ని మళ్ళా ఆడనే పెట్టెయ్," అన్నాడు భాయ్ ఆవులిస్తూ.

"ఎత్తిపెట్టలేదు భాయ్. దాని మీదనే రాసేసినా."

అటువైపు ఆవులింత సగంలో ఆగింది. "అబే, ఎవడన్నా అట్ల చేస్తాడా?"

"మేము పెండ్లిళ్ళకంతా అట్లనే చేస్తాం భాయ్."

"పెండ్లాం మారిపోయిందని ఎవడూ రాలేదా మీ అంగడికి?" అని కాసేపు నవ్వుకుని, తర్వాత చెప్పాడు. "ఏడవాకు. ఆడిన ఆట ఆ బొమ్మల ఫైల్లో ఉండదు, వేరే ఫోల్డరులో ఉంటాది. ముందు దాన్ని ఇంకోసోట కాపీ చెయ్. ఈసారన్నా చెయ్. అసలు ఫైలు నా మిషన్ల ఉండాది, సీడీ కొట్టిస్తా. వచ్చి తీస్కపో."

కాపీ చేశాను. భయం వల్ల ఒకచోట సరిపోదనిపించి, కంప్యూటర్లో ఖాళీ కనిపించిన ప్రతి మూలలోనూ చేశాను. స్టూడియోకు తాళం వేసి, 'షూటింగుకు పోయినాము' అన్న బోర్డు తగిలించి, ఆదోని బస్సెక్కాను. ఆ బస్సు ఆగని చోటు లేదు. చెయ్యెత్తిన మనిషికి ఆగింది, చెయ్యెత్తని మనిషికీ ఆగింది, ఒకచోట మేకల మంద దాటుతుంటే డ్రైవరు బీడీ ముట్టించుకుని వాటి యోగక్షేమాలు కూడా అడిగినట్టున్నాడు. భాయ్ ఇచ్చిన సీడీని చేతిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తిరుగు బస్సులో నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన "ఏమప్పా, గాజుసామానా?" అని అడిగితే, "నా ఉద్యోగం తాతా," అన్నాను. ఆయన కొంచెం దూరంగా జరిగి నిలుచున్నాడు.

స్టూడియో తాళం తీసి ఉంది. అద్దాల గదిలో మామ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నల్లటి తెర, దాని మధ్య ఆ తెల్లటి శాపం. నన్ను చూసి మంత్రాలయం పరిమళ ప్రసాదం ముక్క నా చేతిలో పెట్టాడు. ఉరి తీసే ముందు తీపి పెడతారని ఎక్కడో విన్నాను.

"పోయిందా?" అన్నాడు.

"లేదు మామా. తెస్తాండా మామా. వస్తాది మామా."

సీడీ పెట్టాను. ఫైలు కదలడం మొదలైంది. అంత నిదానంగా కదిలే వస్తువును నేను మళ్ళీ ఈ జన్మలో చూడలేదు. మామ ఊపిరి నా మెడ మీద తగులుతోంది, మీసాలు కూడా తగిలాయేమో. చివరికి ఆట తెరుచుకుంది. సంగీతం, బొమ్మ, దాని తర్వాత నగరం. దాచిన ఆట ఉన్నదున్నట్టు, ఆఖరి పోరాటం గుమ్మం ముందు, ముఖం లేని మామూలు తల వెనకభాగంతో ఆ మనిషి నిలబడి ఉన్నాడు. నేను ఆనందం పట్టలేక కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

మామ ఆ వీపును చాలాసేపు చూశాడు. తర్వాత పెద్ద నిట్టూర్పు విడిచాడు. అది సంతోషంగా లేదు.

"బతికించినావా," అన్నాడు. "పోయినా పోతుండె గదరా."

నాకు అర్థం కాలేదు. ఆయన మెల్లగా, తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పుకొచ్చాడు. "ఆ గుమ్మం ముందర నేను నెలల నుంచి నిలబడి ఉండా. లోపలికి పోతే అయిపోతాది. అయిపోతే మద్యాన్నం పూట నేనేం చేయాల? తెర నల్లగా అయినప్పుడు, సరే, పోయింది, మొదట్నుంచి ఆడొచ్చు, తప్పు నాది గాదు, వీనిది అనుకొన్యా. నువ్వు ఆదోని దాకా పోయి పట్టుకొస్తివి."

"నాకు పోగొట్టడం గూడా వస్తాది మామా," అన్నాను. భయం పోయినవాడికి నోరు తొందరగా వస్తుంది.

ఆయన నవ్వలేదు గానీ మీసాలు కొంచెం పైకి లేచాయి. "అయితే చెయ్," అన్నాడు.

ఆ పొద్దంతా భయపడి నేను మూలమూలనా దాచిన కాపీలను అసలుతో సహా ఒక్కొక్కటే వెతికి చెరిపేయడానికి దీపాలు పెట్టే వేళయింది. ఆఖరిది తీసేశాక మామ చేతులు రుద్దుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, ఏమీ తెలియని కొత్త మనిషిలాగా మొదటి వీధిలో మొదటి కారు కోసం వెతకడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన ముహూర్తాల్లో ఒక పెళ్ళిని నా చేతికే ఇచ్చాడు. మా నాయన గుంత దగ్గర ఇంకో మనిషిని కుదుర్చుకున్నాడు.

ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు వచ్చింది (మీసాలు మాత్రం అంత రాలేదు). ఆ ఆట ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతోందని తెలిసి ఈ మధ్య ఎక్కించుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక గది తలుపు దగ్గరగా వేసుకుని ఆడుతున్నాను. మా ఇంటామె అడిగితే ఫోన్ బాగుచేస్తున్నానని చెబుతున్నాను. ఆఖరి పోరాటం గుమ్మం దాకా ఎప్పుడో వచ్చేశాను. లోపలికి మాత్రం పోవడం లేదు. ఊరికే కారేసుకుని, ఆటలోని సముద్రం పక్క రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను.