దీనికెవరు, వదినా?

మొన్న ఆదివారం పొద్దున, తార్నాకలో మేముండే అపార్టుమెంటు పైఅంతస్తులోని లా చదివిన అమ్మాయి ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో మా తలుపు కొట్టి, "ఆంటీ, నా బార్ ఎగ్జామ్ పోయింది, మీరు గూడ ఫస్ట్ టైమ్ ఫెయిలయిండ్రట గద, రెండోసారి ఎట్ల ప్రిపేరయిండ్రు?" అని అడిగేసరికి చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. నా ఓటమి పైఅంతస్తుదాకా మెట్లెక్కి ఎలా వెళ్ళిందా అని ముందు ఒళ్ళు మండింది. అది మావారి నోటి చలవేనని తెలుసు కనుక ఆ సంగతి తర్వాత తేల్చుకుందామనుకున్నాను. ఆ పిల్లను కూర్చోబెట్టి కాఫీ కలుపుతూ ఉంటే మాత్రం, ఆ పరీక్ష రోజుల్లో ఒకదాని వెంట ఒకటిగా నాకు తగిలిన దెబ్బలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మన వయసువాళ్ళకు ఈ పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. మన రోజుల్లో లా పట్టా చేతికొస్తే నల్లకోటు కుట్టించుకోవడమే ఆలస్యం. ఇప్పుడలా కాదు, పట్టా వచ్చాక కొంతకాలం తాత్కాలికంగా కోర్టుకు వెళ్ళనిస్తారు, ఆ గడువులోగా బార్ పరీక్ష గట్టెక్కకపోతే కోటు విప్పి ఇంట్లో కూర్చోవలసిందే. జీవితమంతా ప్రైవేటు బళ్ళలో సోషల్ పాఠాలు చెప్పి, ఓపికుండగానే ఉద్యోగం మానుకుని, తల నెరిశాక లా కాలేజీలో చేరినదాన్ని నేను. నాతోపాటు చేరింది మా ఆడబిడ్డ, అంటే మావారి చెల్లెలు. లాలాపేట్‌లో బ్యూటీ పార్లర్ నడిపేది. కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చినవాళ్ళు చెప్పుకునే ఇంటి గొడవలు వినీ వినీ, ఈ సలహాలేవో కోర్టులోనే ఇస్తే పోలేదా అని డిగ్రీ కాగితం దుమ్ము దులిపి నా వెంట వచ్చింది. చదువు విషయంలో నేను చీమనైతే తను మిడత. పరీక్షకు ముందురోజు కూడా పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి వచ్చిన మనిషి.

పట్టాలు చేతికొచ్చి ఇద్దరం ఒక పెద్ద లాయరు దగ్గర జూనియర్లుగా చేరగానే, నన్ను వెతుక్కుంటూ మా ఆయమ్మ వచ్చింది. నేను మొట్టమొదట పనిచేసిన బడిలో ఆమె ఆయా. చిన్న తరగతుల పిల్లలకు ముక్కులు తుడిచి, ఒడిలో నిద్రపుచ్చి, అమ్మానాన్నలు వచ్చేదాకా గేటు దగ్గర కాచుకుని కూర్చునేది. బడి చేతులు మారాక కొత్త యాజమాన్యం రేపటినుంచి రావద్దని ఒక్క మాటతో పంపేసిందట. "టీచరమ్మా, నువ్వు నల్లకోటు ఏస్కున్నవట, నా దిక్కు నువ్వే మాట్లాడాలె, ఇంకెవ్వరొద్దు" అంది. మాట్లాడతానని ఆమె చేతిలో చెయ్యి వేశాను. వకాలత్ మీద సీనియర్ సంతకం కింద నా సంతకం పెట్టి, సిరా ఆరేదాకా మురిసిపోతూ చూసుకున్నాను. ఆ కేసు నిలబడి వాదించాలంటే నేను పరీక్ష గట్టెక్కి తీరాలి.

గట్టెక్కకపోవడం అనే మాటే అప్పుడు మనసులోకి రాలేదు. పుస్తకాలు చూసి రాసే పరీక్ష, అందులో కూడా తప్పేవాళ్ళుంటారా అని మాకు ముందు రాసినవాళ్ళంతా నవ్వేవారు. వాళ్ళ మాట నమ్మి నేను గైడ్లన్నీ చక్రాల పెట్టెలో సర్దుకున్నాను. బేర్ యాక్టులని, చట్టం ఉన్నదున్నట్టు మాత్రమే అచ్చువేసిన పుస్తకాలు ఉంటాయి, వాటిలో ప్రతి సెక్షన్ పక్కనా పెన్సిల్‌తో తెలుగు అర్థాలు, గుర్తులు, బాణాలు రాసుకున్నాను. టీచరు చెయ్యి ఊరుకుంటుందా, చివరికి పుస్తకంలో ఖాళీ జాగా మిగల్లేదు. తీరా పరీక్ష రోజు గేటు దగ్గర తెలిసిందేమిటంటే నిబంధన మారింది, గైడ్లు లోపలికి రావు, ఒక్క అక్షరం కూడా రాసుకోని బేర్ యాక్టులైతేనే రానిస్తారు. ఆ మార్పు ముందే చెప్పారట, చదువుకోవలసింది మేమే. తనిఖీ చేసే ఆవిడ నా పుస్తకాలు తిరగేసి, నా ముత్యాల్లాంటి అక్షరాలు చూసి, "సారీ మేడమ్" అని పక్కన పెట్టేసింది. వెనకాలే వచ్చిన మా ఆడబిడ్డ పుస్తకాలు కొన్న రోజెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని కూడా ఉన్నాయి. వాటిని చంకన పెట్టుకుని మహారాణిలా లోపలికి నడిచింది.

నేను ఉత్త చేతులతో కూర్చుని రాశాను. ఫలితాలొచ్చిన సాయంత్రం తను పాసయింది, నేను తప్పాను. ఫోన్లో నంబరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఎంతమంది పిల్లల కాగితాల మీద ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి ఇది! చదవేస్తే ఉన్న మతి పోయిందని పిల్లల్ని ఎన్నిసార్లు వెక్కిరించానో, ఆ సామెత తిరిగొచ్చి నా నెత్తినే కూర్చుంది. మావారు ఓదార్చబోయి, "పోనియ్, నీ చేతిరాతయితే పాసయింది గద, గేటు కాడ ఆపి మరీ సూసిండ్రట" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. గడువులో ఇంకొక్క పరీక్షే మిగిలింది, ఈసారి ఎలా చదవాలి? తార్నాక చౌరస్తాకు దగ్గరలో మిఠాయి దుకాణం మీది అంతస్తులో కోచింగ్ చెప్తారంటే వెళ్ళాను. అక్కడి సారు మొదటి రోజే, జవాబు తెలియకపోతే నాలుగింటిలో ఏది పొడుగ్గా ఉంటే అది దిద్దెయ్యమని బోధించాడు. వయసులో నా పాత విద్యార్థిలా ఉన్నాడు, గోడకుర్చీ వేయిద్దామన్నంత కోపం వచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని సెక్షన్లు బట్టీపడదామంటే, పొద్దున ఎక్కింది సాయంత్రానికి దిగిపోయేది. పెన్సిల్ పట్టకుండా చదవడం నాకు చేతకావడం లేదు.

అప్పుడు మా ఆడబిడ్డ తన గీత పడని పుస్తకాలు పట్టుకొచ్చి, "నడువు వదినా, పొద్దుగాల్ల క్యాంపస్‌ల వాకింగ్ జేసుకుంట సద్వుకుందం" అంది. తప్పినదాన్ని కదా, నోరెత్తకుండా వెళ్ళాను. తెల్లవారుతూ ఉండగా యూనివర్సిటీ చెట్ల కింద, నడక కోసం వచ్చే పెద్దవాళ్ళ మధ్య మేమిద్దరం నడిచేవాళ్ళం, అలసిపోతే లైబ్రరీ వెనక రాతిమెట్ల మీద కూర్చునేవాళ్ళం. తన పద్ధతి వింటే మీకూ నవ్వొస్తుంది. ఒక సెక్షన్ చదివి, పుస్తకం మూసి, "దీనికెవరు వదినా?" అని అడిగేది. ఆ సెక్షన్‌లో ఉన్నది ఎవరింట్లో జరిగిందో మన ఎరికలోని మనిషిని పట్టుకుని చెప్పాలి. ఆస్తి పంపకానికి బౌద్ధనగర్ మేనమామ కొడుకులు, దారిహక్కుకు మా వెనకింటి గోడ తగాదా, పరువునష్టానికి అంబర్‌పేట్‌లో మైకు పెట్టి మరీ వియ్యంకుణ్ణి తిట్టిన పెద్దమనిషి. పార్లర్‌లో విన్న కథలు తన దగ్గర కుప్పలుగా ఉండేవి, అవన్నీ ఇక్కడ మా ఇద్దరి మధ్యే తప్ప ఎక్కడా చెప్పేది కాదు. అంతవరకూ నేను అంకెలుగా చూసిన సెక్షన్లు మెల్లగా మనుషుల్లా కళ్ళ ముందు తిరగడం మొదలుపెట్టాయి. ఒక్క గీత గీయలేదు, ఒక్కటీ మర్చిపోలేదు.

ఇలా సాగుతుండగా ఆయమ్మ కేసులో బడివాళ్ళు జవాబు దాఖలు చేశారు. ఈ పేరుగల మనిషి మా బడిలో ఎన్నడూ పనిచెయ్యలేదు, ఈమె ఎవరో మాకు తెలియదు అని. ఆఫీసులో ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరో తెలియదా? నా కళ్ళముందు పిల్లల్ని ఎత్తుకుని తిరిగిన మనిషి, నా బాలింత రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో నా బిడ్డకు ఉగ్గు పట్టిన మనిషి! పాత టీచర్లలో ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ముందుకు రామన్నారు, వాళ్ళ పిల్లలో మనవలో ఆ బళ్ళోనే చదువుతున్నారు. ఎవరూ రాకపోతే పోనీ, పరీక్ష కానీ, నేనే కోటు తొడుక్కుని నిలబడి నా కళ్ళతో చూశానని జడ్జిగారికి చెప్తాను అని శపథం చేశాను.

మర్నాడు పొద్దున రాతిమెట్ల మీద లాయర్ల నడవడి నియమాల దగ్గరికొచ్చాం. మా ఆడబిడ్డ చదివింది. ఏ కేసులోనైతే తాను సాక్షిగా నిలబడవలసి వస్తుందో ఆ కేసులో న్యాయవాది హాజరు కాకూడదు. చదివి, అలవాటుగా పుస్తకం మూసి, "దీనికెవరు వదినా?" అంది.

తను నా ముఖం చూసి, ఏదో తట్టి, మళ్ళీ పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఏ కేసు వాదించడానికి తెల్లారకముందే లేచి ఈ చదువంతా చదువుతున్నానో, ఆ కేసు నేను వాదించకూడదు. సాక్ష్యం చెప్పవలసింది నేనే, నేను తప్ప ఎవరూ లేరు. అంతకుముందు ఈ నియమం నేను చదవకపోలేదు, దాని పక్కన 'ముఖ్యం' అని పెన్సిల్‌తో రాసుకున్నాను కూడా! ముఖ్యమని రాసుకున్నానే తప్ప ఎవరికి ముఖ్యమో అప్పుడు చూడలేదు. సీనియర్‌ని అడిగితే ఆయన తల పట్టుకుని, నువ్వు తప్పుకోవలసిందేనమ్మా అన్నాడు.

ఆయమ్మకు చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. నేను చెప్పిందంతా విని, కొంగు అంచు నలుపుకుంటూ, "నువ్వు గూడ భయపడ్తున్నవా టీచరమ్మా?" అంది. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. భయం కాదు ఆయమ్మా, నీ పక్కన కాకపోతే సాక్షి బోనులో నీకోసం నిలబడతాను అని ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు, ఎక్కనట్టే లేచి వెళ్ళిపోయింది.

పరీక్ష రాశాను. మా ఆడబిడ్డ పుస్తకాలే పట్టుకెళ్ళాను, వాటిని తెరవవలసిన అవసరం పెద్దగా పడలేదు. పాసయ్యాను. మావారు తెచ్చిన మిఠాయి తిన్నాను కానీ అనుకున్నంత తీపి తగల్లేదు.

సాక్ష్యం రోజున కోటు ఇంట్లో తగిలించి మామూలు నేతచీరలో వెళ్ళాను. బోనెక్కాను. సీనియర్ వెనక కూర్చున్నాడు, ముందుకు వచ్చింది మా ఆడబిడ్డ. నల్లకోటు, తెల్లపట్టీ, ఎన్నడూ లేనంత గంభీరమైన ముఖం. నేను కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన రోజునుంచి వదినా అని తప్ప పిలవని మనిషి, "మీ పేరు చెప్పండి" అని మర్యాదగా 'మీరు' అంటూ అడిగేసరికి, నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నా పేరు నాకే గుర్తురాలేదు. తర్వాత అన్నీ చెప్పాను. గేటు దగ్గరి స్టూలు, ముక్కులు తుడిచే పాతగుడ్డ, ఉగ్గు గిన్నె, ఏదీ వదల్లేదు. అవతలి లాయరు గుచ్చి గుచ్చి అడిగినా నేను చూసింది చూసినట్టే చెప్పాను. దిగివస్తుంటే గోడవార నిలబడ్డ ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. తీర్పు ఆమెవైపే వచ్చింది.

ఇదంతా చెప్పి పైఅంతస్తు అమ్మాయికి మా పాత పుస్తకాలు తెచ్చి చూపిస్తే, ఆ పిల్ల మెల్లగా, "ఆంటీ, గీ క్రిమినల్ చట్టాలు మొత్తం మారినయి గద, వాటి సెక్షన్ నంబర్లన్ని కొత్తయి" అంది. అవును, మారాయి. మేం చెట్ల కింద నడుస్తూ నేర్చుకున్న అంకెల్లో చాలావాటికి ఇప్పుడు చెల్లుబాటు లేదు. మా ఆడబిడ్డ ఇప్పుడు అంబర్‌పేట్‌లో సొంత ఆఫీసు పెట్టుకుంది, ఫోన్ చేస్తే జూనియర్ ఎత్తి మేడమ్ కోర్టులో ఉన్నారంటాడు. నాకు ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, ఆ రాతిమెట్లు దూరం. అంకెలు మారితే మారాయిగానీ పద్ధతి మారదు కదా అని, లాయర్ల నడవడి పుస్తకం తీసి, ఆ నియమమే చదివి, ముచ్చటగా, దీనికెవరమ్మా అని అడిగాను.

ఆ అమ్మాయి ఆలోచించింది, ఫోను వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "నాకెవ్వరు తెల్వదు ఆంటీ. మా ఎదురు ఫ్లాట్ల ఎవరుంటరో గూడ నేను సూడలేదు."

ఈ అపార్టుమెంటుకు రాకముందు లాలాపేట్ గల్లీలో ఒక్క గోడకు రెండువైపులా బతికిన మా ఇద్దరికీ ఒక్కో సెక్షన్‌కు నలుగురు దొరికేవారు, ఏడంతస్తుల ఇంట్లో బతుకుతున్న ఈ పిల్లకు మొత్తం పుస్తకానికి ఒక్క మనిషి లేడు. ఆ పిల్ల పెన్సిల్ తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"రాసుకోవద్దు తల్లీ, గుర్తుపెట్టుకో," అన్నాను. "దీనికి నేనున్నాను. మిగతావాళ్ళ కోసం రేపట్నుంచి ఒక్కో తలుపూ కొడదాం."