అప్ప మీద దావా

కోర్టులో కేసు ఓడిపోవాలంటే మామూలుగా ఎదుటివాడికి గట్టి వకీలుండాలి. నా విషయంలో ఆ ఖర్చు దండగ. నా కేసును నేనే, జడ్జిగారి ఎదుట నిలబడి, నా సొంత నోటితో నిండా ముంచాను. ఎలా ముంచానో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు కోర్టు గుమాస్తాలే నవ్వారు.

నాకు నరసన్నపేటలో బట్టల కొట్టు. మా అప్ప, అంటే అక్క, సరోజిని నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ్ని పొందూరు ఇచ్చారు. అక్కడ మా బావకు కిరాణా కొట్టు. ఒక ఏడాది తుఫానుకు ఆ కొట్టు రేకులు లేచిపోయి, పప్పులూ బెల్లమూ తడిసి ముద్దయిపోయాయి. నేను పరుగెత్తుకెళ్లి అప్ప పేర రెండు లక్షలకు చెక్కు రాసిచ్చాను. నోటు రాయించుకోలేదు. ఇంతవరకూ నేను మంచివాణ్ణే. ఈ వాక్యాన్ని బాగా చూసుకోండి, ఇలాంటిది మళ్లీ రాసే అవకాశం నాకు రాదు.

రెండేళ్లకు రోడ్డు వెడల్పు చేసి నా కొట్టు ముందు భాగం కొట్టేశారు. డబ్బు కావలసి పొందూరు వెళ్లాను. "ఒక్క ఏడాది ఆగరా శంకరం" అన్నాడు బావ. ఆగేవాణ్ణే. కానీ ఆయన వెనక నిలువెత్తు గాజు తలుపు ఫ్రిజ్ ఒకటి, కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతూ కనబడింది.

"ఫ్రిజ్జుకి డబ్బులున్నాయి గానీ నాకివ్వడానికి లేవేటి బావా?"

"ఒరే, అది కూల్‌డ్రింకులోళ్లు పెట్టిందిరా. మనది కాదు."

"ఊరికే ఎవడిస్తాడు?"

"నువ్వివ్వలేదేటి?" అని పకపకా నవ్వాడు బావ.

ఆ నవ్వు తిన్నగా నా తలకెక్కింది. మూడో రోజుకల్లా శ్రీకాకుళంలో వకీలును పట్టుకుని నోటీసు పంపించాను. చెక్కు అప్ప పేర ఉంది కనక దావా కూడా ఆవిడ మీదే. బావకు రోషం వచ్చింది. అది అప్పు కాదు, తమ్ముడు దానంగా ఇచ్చిన సొమ్మని తన వకీలు చేత జవాబు రాయించాడు. అప్పను సంతకం పెట్టమన్నాడు. పెట్టింది.

మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో ఖాళీగా ఉన్న బల్ల ఒక్కటే. ఈ చివర నేను, ఆ చివర అప్ప. మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు జరిపింది.

"తిన్నావేటి? మొగం సూడు, ఎలా పీక్కుపోయిందో."

నేను తల తిప్పుకుని గోడకు అంటించిన కేసుల జాబితాను పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదివాను. కాసేపటికి డబ్బా మూత పడిన చప్పుడైంది. తరవాతి వాయిదాల నుంచి ఆవిడ ఆ బల్ల మీద కూర్చోలేదు.

నేను సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. మా వకీలు నన్ను పక్కకు లాగి, "అవును, కాదు, గుర్తు లేదు. ఈ మూడు తప్ప నాలుగో మాట నీ నోట్లోంచి రాకూడదు" అన్నాడు. బుద్ధిగా తలూపి బోనెక్కాను.

ఎదుటి వకీలు గొంతు వెన్నలా ఉంది.

"మిమ్మల్ని పెంచింది మీ అక్కగారేనట కదా?"

"అవునండి."

"ఆవిడ కష్టం చూడలేక పెద్ద మనసుతో చెక్కిచ్చారట. పొందూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు."

కేసు వేసిన దగ్గర్నుంచి నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఈయనే. నా ఛాతీ బోను దాటి ముందుకొచ్చింది.

"అవునండి!"

"అప్పుడు అక్కగారేమన్నారు?"

"ఎప్పటికి తీర్సగలనురా అని ఏడిసిందండి."

మా వకీలు గట్టిగా దగ్గాడు. పాపం, జలుబనుకున్నాను.

"మరి మీరేమన్నారు?"

గుర్తు లేదు అనాలి. రెండే ముక్కలు. కానీ ఆనాడు నేనన్న మాట ఎంత బాగా కుదిరిందనుకున్నారు! విన్నవాళ్లంతా భలే అన్నారు. అంత మంచి మాటను కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. గొంతు సవరించుకుని హాలంతా వినబడేలా చెప్పాను.

"అప్పకి అప్పేటి? ఈ డబ్బులు తిరిగిచ్చావంటే నా సవం సూసినట్టే! అన్నానండి."

హాలు గొల్లుమంది. జడ్జిగారు రాయడం ఆపి తలెత్తారు.

"మరి దావా ఎందుకు వేశావయ్యా?"

"ఫ్రిజ్జు సూసేనండి..."

మా వకీలు కళ్లు మూసుకున్నాడు. నవ్వనిది అప్ప ఒక్కతే. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయింది.

దావా కొట్టేశారు. అవతలివాళ్ల ఖర్చులు కూడా నేనే ఇచ్చుకోవాలన్నారు.

తీర్పు వచ్చిన నెలకు అప్ప ఒక్కతే నా కొట్టుకొచ్చింది. చేతులకు బంగారు గాజులు లేవు, మట్టిగాజులున్నాయి. సంచీలోంచి నోట్ల కట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"లెక్కెట్టుకో."

"ఇదేటప్పా, కేసు నువ్వే గెలిసేవు కదా!"

"గెలిసేను. నువ్విచ్చింది దానమని కోర్టు కాయితం మీద రాసేసేరు. దానం తినడానికి నేనేటి, ముష్టిదాన్నా?"

మంచినీళ్లు తెప్పిస్తానన్నాను. ఆవిడ ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగి బస్‌స్టాండు వైపు వెళ్లిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, డబ్బు లెక్కపెట్టాను. సరిగ్గా ఉంది.

ఆ సాయంత్రమే కొట్టులో దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి, చేతులు కట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ఏ అప్ప మీదా దావా వెయ్యను. ఇప్పటిదాకా ఒట్టు తప్పలేదు. తప్పుదామన్నా నాకు ఇంకో అప్ప లేదు.