చూడని ఇరవై కాన్పులు

ఆటోక్లేవ్‌లోంచి తీసిన గుడ్డల డ్రమ్ము మూత తెరవగానే ఒక వాసన వస్తుంది. ఆవిరిలో ఉడికిన నూలుగుడ్డ వాసన. ఇడ్లీల మీంచి తడిగుడ్డ తీసినప్పటి వాసనకి దగ్గరగా ఉంటుంది కానీ, దీనికి ఆకలి పుట్టదు. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆ డ్రమ్ము తెరిచే పని నాదే. కొండల అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో కాన్పుల గదికి నేను స్టాఫ్ నర్సుని. పేరు పైడిరాజు. మగవాణ్ణి. ఈ చివరి మాట విడిగా చెప్పాల్సి వస్తుంది, లేకపోతే వచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి తొంగిచూసి “సిస్టరమ్మ ఏదీ?” అంటారు. ఆ వాసన తగిలినప్పుడల్లా సన్యాసమ్మ సిస్టర్ గుర్తొస్తారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. చూసి ఉంటే ఒక్కసారైనా తిట్లు తిని ఉండేవారు, ఇక మర్చిపోవడమన్నది ఉండేది కాదు.

నేను నర్సింగులో చేరడమే ఒక పోట్లాట. మాది గరివిడి. నాన్నది ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పని. ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి కానీ డాక్టరు సీటుకి చాలలేదు. పేపర్లో జీఎన్ఎం నర్సింగు కోర్సు ప్రకటన చూసి, ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. జాబితాలో పేరు వచ్చాక చెప్పక తప్పలేదు. సర్టిఫికెట్లు చూసే రోజు నాన్నే తోడొచ్చాడు. వరస నిండా ఆడపిల్లలు, వాళ్ళ అమ్మలు. మార్కుల మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఫిట్‌నెస్ కాగితం అన్నీ ఫైల్లో పెట్టుకుని మా వంతు కోసం నిలబడ్డాం. గుమాస్తా నా వైపు చూడనైనా చూడకుండా నాన్నని అడిగాడు.

“పాప రానేదేటి? పాప సంతకం గావాల.”

“పాప కాదండి. ఈడే.” నాన్న గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

తిరుగు బస్సు సగం దారి వచ్చింది. నాన్న కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

“రేపు ఫ్యాక్టరీలో ఏటి సెప్పమంటావురా? నా కొడుకు నర్సమ్మ సదువుకెల్లాడనా?”

“అవును. అలాగే సెప్పు.”

పద్దెనిమిదేళ్ళ పొగరు. ఆ పొగరే లేకపోతే రెండో నెలలో ఇల్లు చేరేవాణ్ణి.

నర్సింగులో చేరబోయే పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు, అక్కడ ఎలా ఉంటుందని. ముందు కాళ్ళు పీకుతాయని చెబుతాను. పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం రికార్డులు. మొదటి ఏడాది మంచం మీద దుప్పటి మూలలు మడవడమే ఒక చదువు. మడత కాస్త జారితే మొత్తం పీకేసి మళ్ళీ వెయ్యమంటారు. నాడి లెక్కపెట్టాలి, రోగుల ఒళ్ళు తుడవాలి, బెడ్‌పాన్ పెట్టాలి, తీసి కడగాలి. మొదటిసారి కడిగిన రోజు నాకు అన్నం సయించలేదు. వారం తిరిగేసరికి బెడ్‌పాన్ల గురించి మాట్లాడుకుంటూనే అన్నం తిన్నాం. నలభై మందిలో ముగ్గురం మగపిల్లలం. బరువు ఎత్తాలన్నా, మగ రోగులకి స్నానం చేయించాలన్నా మేమే కావలసి వచ్చేవాళ్ళం కాబట్టి మొదటి రెండేళ్ళు ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడో ఏడాది కాన్పుల గదిలో పోస్టింగు పడింది.

మగైనా ఆడైనా ప్రతి విద్యార్థీ ఇరవై కాన్పుల్లో దగ్గరుండి పనిచేసి, ఒక్కొక్కటీ కేస్ బుక్కులో రాయాలి. ఆ గది ఇన్‌ఛార్జి సంతకం లేనిదే ఆఖరి పరీక్షకి కూర్చోనివ్వరు. అది రూలు. జరిగేది వేరు. మగపిల్లల్ని గది బయట బల్ల మీద కూర్చోబెట్టి దూది ఉండలు చుట్టించేవారు. కేస్ బుక్కు మాత్రం ఆడపిల్లల పుస్తకాలు చూసి నింపుకోవాలి. మా సీనియర్లు అలాగే నింపారు, ట్యూటర్లకీ ఆ సంగతి తెలుసు. నేనూ మా క్లాసు రమణమ్మ పుస్తకం అడిగి తీసుకుని, పేర్లు మార్చి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇరవై కాన్పులు రాసేశాను. ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీశాను. నిజం చెప్పొద్దూ, చూసుకుని మురిసిపోయాను.

ఆ ఏడాదే ఇన్‌ఛార్జిగా బదిలీ మీద వచ్చారు సన్యాసమ్మ సిస్టర్. పొట్టి మనిషి. సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఆవిణ్ణి చదివించిందట. ఆవిడ గొంతు వరండా ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేది. పుస్తకం ఆవిడ బల్ల మీద పెట్టి, సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను. పేజీలు తిప్పుతూ మూడో కేసు దగ్గర ఆగారు.

“ఈ గౌరమ్మ. నొప్పులప్పుడు ఎవుల్ని పిలిసింది?”

నేను వంగి పేజీలో వెతికాను.

“పోనీ ఈవిడ. బిడ్డ ఏడిసినాక తల్లి ఏటి అడిగింది?”

“గుర్తు లేదు సిస్టర్.”

“సూస్తే కదా గుర్తుండడానికి!” పెన్ను తీసి మొదటి పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు. తర్వాత రెండో పేజీ మీద. ఇరవై కేసులకీ ఇరవై గీతలు కొట్టి పుస్తకం నా చేతిలో పెట్టారు. “సూడని కాన్పుకి నాను సంతకం ఎట్టను.”

పరీక్ష దరఖాస్తులకి నెలన్నర కూడా లేదు. ఈ సంతకం లేకపోతే పరీక్ష పోతుంది, నాన్నకి ఫ్యాక్టరీలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆ భయంలోంచే కోపం వచ్చింది.

“లోపలికి రానివ్వరు, బయట కూర్చుని రాస్తే కొట్టేస్తారు! మరి మేం ఏటి సెయ్యాల సిస్టర్?” అని అరిచాను. వరండాలో ఆయాలు కూడా పని ఆపి చూశారు. ఇన్‌ఛార్జి మీద గొంతెత్తడమంటే పెట్టె సర్దుకోవడమే.

ఆవిడ నవ్వారు.

“అదీ అడగాల్సిన మాట. ఇన్నాళ్ళూ మీలో ఒక్కడూ అడగనేదు. రేపు ఏడింటికి రా. గోళ్ళు కత్తిరించుకుని రా.”

మర్నాడు ఆవిడ వెనకాలే గుమ్మం దాకా వెళ్ళేసరికి పెద్ద డాక్టరు ఆపేశారు. మగపిల్లలు లోపలుంటే ఆడవాళ్ళకి ఇబ్బంది అన్నారు.

“తమరు మగోరు కాదేటి బాబూ?” అన్నారు సిస్టర్, చేతులు కడుక్కుంటూనే.

“నేను డాక్టర్ని.”

“ఈడు నర్సు. బల్ల మీద పడుకున్నామె ఒప్పుకుంటే ఉంటాడు, నేదంటే ఎల్లిపోతాడు. అక్కడ మన ఒప్పుకోలు ఎవులికి గావాల?”

ఆయన పక్క వార్డుకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం సిస్టర్ గట్టి షరతు పెట్టారు. పేరు చెప్పాలి, ఏం చేస్తానో చెప్పాలి, ఉండొచ్చా అని అడగాలి. వద్దంటే కారణం అడక్కూడదు, ముఖం ముడుచుకోకూడదు. మొదటి రెండు రోజుల్లో ఐదుగురిని అడిగితే ఐదుగురూ వద్దన్నారు. ఒకావిడ అత్తగారు “ఓలమ్మ, మగ గుంటడేటి ఇక్కడ!” అని చీపురు అందుకోబోయింది. మళ్ళీ బయట బల్ల, మళ్ళీ దూది ఉండలు. చిన్నతనం అనిపించింది, ఏడుపొచ్చింది. సిస్టర్ వచ్చి పక్కన కూర్చున్నారు. “వద్దన్నామె నిన్ను తిట్టినట్టు కాదురా. అక్కడ పడుకున్నాక ఆడదాన్ని ఎవులూ ఏదీ అడగరు. నువ్వడిగావు, ఆవిడ సెప్పింది. అంతే.”

మూడో రోజు సాలూరు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త లారీ లోడుతో రాయపూర్ వెళ్ళాడు, తోడు ముసలి తల్లి ఒక్కతే. నేను పేరు చెప్పి, ఇంకా అడగబోతూనే ఉన్నాను.

“నువ్వెవులైతే నాకేటి! నడుం ఇరిగిపోతన్నాది, పట్టగలవా నేదా?”

అరచేత్తో ఎక్కడ అదిమిపట్టాలో సిస్టర్ చూపించారు. తొమ్మిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా పట్టాను. నా మణికట్లు మొద్దుబారిపోయాయి. ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు విని నాకూ కన్నీళ్ళు కారిపోతుంటే సిస్టర్ మోచేత్తో పొడిచారు.

“ఏడుపు తరవాత. ముందు టైము సూడు.”

ఒంటిగంట దాటి పన్నెండు నిమిషాలు. తల్లి మొట్టమొదట అడిగిన మాట, “సేతులూ కాళ్ళూ సరిగ్గా ఉన్నాయేటి?” అని. ఉన్నాయని నేనే చెప్పాను. ఆ సాయంత్రం కొత్త పుస్తకంలో రాసిన మొదటి కేసు అదే. రాత అంత ముత్యాల్లా ఏమీ రాలేదు.

దరఖాస్తుల ఆఖరి రోజుకి నా పుస్తకంలో పదహారు కాన్పులున్నాయి. ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి, మిగతా నాలుగూ ఈ పూటే రాసి తెమ్మన్నారు, సంతకం సంగతి తను చూసుకుంటానన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నా మీద జాలితోనే అన్నారు.

“రాయను మేడమ్.”

“పరీక్ష పోతుంది. నాలుగు పేజీల కోసం ఇంత మొండితనం ఎందుకు?”

“పోతే పోనీండి. చూడనివి రాయను.”

పోయింది. మిగతా ఇద్దరు మగపిల్లలూ ఇంకోచోట సంతకాలు పెట్టించుకుని పరీక్ష రాశారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళ ఇళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. గది తలుపు మూసేసి, చూసినట్టు రాయమని నేర్పినవాళ్ళ మీదే నాకు కోపం. అది ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

సంగతి తెలిసి నాన్న ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. నా దగ్గరికి రాకుండా నేరుగా సిస్టర్ దగ్గరికే వెళ్ళాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

“మావోడేటైనా తప్పు సేసినాడేటమ్మా?”

“సేయనేదు బాబూ. సూడనిది రాయమంటే రాయనన్నాడు. కోప్పడితే నన్ను కోప్పడండి, నా కాడే నేర్సుకున్నాడు.”

నాన్న తిడతాడనుకున్నాను. నా వైపు తిరిగి, “ఇంకెన్నున్నాయిరా?” అన్నాడు. నాలుగని చెప్పాను. అప్పటినుంచి రోజూ షిఫ్టు దిగగానే ఫోను చేసి “ఇయాల అయ్యిందా?” అని అడిగేవాడు. అయిందంటే తల్లి ఎలా ఉంది, బిడ్డ ఎంత బరువు అని ఆరా తీసేవాడు. నెల తిరక్కుండానే నాలుగూ పూర్తయ్యాయి. ఆరు నెలలాగి సప్లిమెంటరీలో పరీక్ష రాసి పాసయ్యాను.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు సిస్టర్‌కి చూపించడానికి వెళ్ళాను. ఆవిడ దాన్ని ఒకసారి చూసి తిరిగి ఇచ్చేశారు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. “ఒరే పైడిరాజూ, ఒక మాట సెప్తాను ఇను. నొప్పుల్తో ఉన్న ఆడది వద్దంటే వెంటనే బయటికొచ్చీ. ఆఫీసరు వద్దంటే మాత్రం కదలకు” అన్నారు.

ఈ వారం ఇద్దరు తల్లులు నన్ను వద్దన్నారు. రెండుసార్లూ వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను, ఎందుకని అడగలేదు. ఇదే వారం పైనుంచి ఒక కాగితం వచ్చింది, మగ నర్సుకి కాన్పుల గది తగదు కాబట్టి వేరే వార్డుకి మారడానికి సమ్మతి రాసివ్వమని. సమ్మతి లేదని రాసి, కింద నా పేరూ హోదా పొల్లు పోకుండా రాసి, సంతకం పెట్టి పంపించాను.